నీళ్లు వదిలే మాంసం

ఇది ఇంతకు ముందు రాయకపోవడానికి కారణం నాకు రాయడం రాకపోవడమే. అక్షరాలు నేర్చుకునేసరికి నాకు యాభై దాటాయి. చదువు రానివాళ్లు ఏదైనా కాగితం మీద పెట్టాలంటే ముందు ఇంకొకరికి చెప్పి రాయించాలి. పింఛను దరఖాస్తు, గ్యాస్ దరఖాస్తు, అన్నీ నేను అట్లాగే రాయించాను. ఈ సంగతి మాత్రం ఒకరిని ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పగలిగేది కాదు. చెప్పే ధైర్యమే ఉంటే అప్పుడే చెప్పేదాన్ని, రాసే అవసరం ఉండేది కాదు.

అక్షరాలు వచ్చాక కూడా రెండేళ్లు నేను రాసింది పందుల పుస్తకం ఒక్కటే. ఏ తల్లి, ఏ పోతు, ఎన్ని పిల్లలు, అందులో ఎన్ని బతికాయి. కొత్తపేటలో మధ్యాహ్నం పూట మాకు చదువు చెప్పిన టీచరమ్మ ఒకసారి, "మీరు చేసిన పని ఏదైనా ఒకటి రాసి తీసుకురండమ్మా, తప్పులుంటే నేను దిద్దుతాను కదా" అన్నారు. ఆవిడది కోస్తా వైపు, బడిలో పనిచేసి రిటైరయ్యారు. మిగతా ఆడవాళ్లు వంటల గురించి రాశారు. నేను ఖాళీ కాగితం ఇచ్చాను. ఆవిడ దాన్ని కూడా మిగతా కాగితాలతో కలిపి సంచిలో పెట్టుకున్నారు.

మాది పందులు పెంచే ఇల్లు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో పందులు ఇంకా వీధుల్లోనే తిరిగేవి. పొద్దున వదిలితే మూసారాంబాగ్ దాకా, మూసీ ఒడ్డు దాకా పోయి సాయంత్రానికి వాటంతట అవే వచ్చేవి. ఏది ఎవరిదో చెవి చూసి చెప్పేవాళ్లం. చెవి అంచున ఒక్కో ఇంటిది ఒక్కో తీరు కోత. మా ఇంటిది ఎడమ చెవికి, పైన ఒకటి, కింద రెండు. వంశం మాత్రం తల్లి వైపే లెక్క. ఇది మా అమ్మ పెట్టిన పంది, ఇది దాని బిడ్డ, ఇది ఆ బిడ్డ బిడ్డ అని మా ఆడవాళ్లం నాలుగు తరాలు ఆగకుండా చెప్పగలం. తండ్రి ఏదని ఎవరూ అడగరు. వీధిలో తిరిగే పందికి ఏ పోతు తండ్రో చూసిందెవరు? పందులను దొడ్డిలో పెట్టి పెంచడం మొదలయ్యాక కూడా మాకు ఆ లెక్కే ఉండిపోయింది. తర్వాత జరిగినదానికంతా మూలం అదే.

మున్సిపాలిటీవాళ్లు వీధిలో కనిపించిన పందులను పట్టుకుపోవడం మొదలుపెట్టాక, ఎల్బీనగర్ దాటి బాగా లోపల ఒక ఖాళీ జాగా కిరాయికి తీసుకుని రేకుల షెడ్డు వేశాం. మా ఆయన, మరిది రేకులు బిగించారు. నేనూ తోటికోడలూ ఇటుకలు అందించాం. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో మిగిలిన అన్నమూ సాంబారూ డ్రమ్ముల్లో తెచ్చి పోసేవాళ్లం. కోచింగ్ పిల్లలకు నచ్చని కూర చేసిన రోజు మా పందులకు పండుగ.

పని పంచుకోవడం ఇట్లా ఉండేది. ఆదివారం తెల్లవారాక అన్నదమ్ములిద్దరూ పందిని ట్రాలీ ఆటోలో కోతకు తీసుకుపోతారు, కోస్తారు, ముక్కలు చేస్తారు. తోటికోడలు, మా మాటలో యారాలు, కడుగుతుంది. నేను దిల్‌సుఖ్‌నగర్ వెనక సందులో బల్ల వేసుకుని అమ్ముతాను. పేగులు తిరగేసి కడగడంలో మా తోటికోడలంత పనిమంతురాలు మా వాళ్లలో లేదు. ఉప్పు, పసుపు, చింతపండు పిప్పి, ఈ మూడే వాడేది. మా వాళ్లలో ఎవరింట్లో దేవుణ్ని చేసుకుని విందు పెట్టినా మాంసం కడగడానికి ముందు ఆమెకే కబురు వచ్చేది. దానికి కూలి ఉండదు. పిలవడమే మర్యాద. వందమంది తినేది ఒకరి చేతికి అప్పజెప్పడమంటే ఆ చేతిని నమ్మినట్టు. ఆమె ఆ పిలుపు వచ్చిన రోజు తలకు పోసుకుని, ఉతికిన చీర కట్టుకుని వెళ్లేది. మురికి పనికి మంచి చీరెందుకే అని నేను నవ్వేదాన్ని. "పిలిచిన్రు గదక్క" అనేది.

మా నల్ల పందుల మాంసం ముదురు ఎరుపు. వేలితో నొక్కితే వెంటనే పైకి లేస్తుంది. బల్ల మీద రెండు గంటలు పెట్టినా కింద తడి కనిపించదు. కాకపోతే కొవ్వు బాగా ఎక్కువ. పాత గిరాకీలకు ఆ కొవ్వే కావాలి. కొత్తగా వచ్చేవాళ్లు మాత్రం ముక్క చూసి, "కొవ్వు తీసెయ్యమ్మా, ఉత్త కండ పెట్టు" అనేవారు. తీసేసిన కొవ్వు సాయంత్రానికి బల్ల కింద గంపలో ఉండేది.

అందుకే మా మరిది ఒక ఫారం నుంచి తెల్ల పోతును కొనుక్కొచ్చాడు. దాన్ని దించిన రోజు చుట్టుపక్కల మా వాళ్లందరూ చూడడానికి వచ్చారు. వీపు బల్లలాగా ఉంది. వెనక తొడలు రెండూ రెండు బస్తాలు కట్టినట్టు ఉన్నాయి.

"వదినా, జర ఆ తొడలు చూడు. కొవ్వు చేతికి దొరుకుతదా?" అన్నాడు మరిది.

మా ఆయన మేనత్త ఉంది, ఆమెను అందరం పెద్దత్త అంటాం. ఆమె పోతు చుట్టూ ఒకసారి తిరిగింది. "పెండ్లికొడుకును మంచిగనే తెచ్చినవ్ గని, బాసింగమేదిరా?" అంది. అందరూ నవ్వారు. నాకు అందరి నవ్వూ ఇప్పటికీ గుర్తుంది. తోటికోడలు పోతుకు పసుపు బొట్టు పెట్టింది. ఆమె చెయ్యి తగలగానే అది వణికింది. కొత్త చోటు కదా అనుకున్నాం.

మొదటి ఈత పిల్లలు మేం అనుకున్నట్టే వచ్చాయి. తల్లులు మా నల్లవి, పిల్లలకు తండ్రి తొడలు. గిరాకీ పెరిగింది. మా వాళ్లలో మూడు ఇళ్లవాళ్లు వచ్చి ఆ పోతుకు పుట్టిన పిల్లలను కొనుక్కుపోయారు, మగవీ ఆడవీ కలిపి. మేం కూడా మంచి ఆడపిల్లలను నాలుగింటిని ఉంచుకుని, అవి ఎదకు రాగానే మళ్లీ అదే పోతుకు కట్టించాం. వాటికి అది తండ్రి అన్న మాట ఎవరి నోటా రాలేదు. చెప్పాను కదా, మాకు తండ్రి లెక్కలో లేడు.

ఆ రెండో తరం పిల్లలు పెరిగి కోతకు వచ్చినప్పుడు మొదలైంది. ట్రాలీలోకి ఎక్కిస్తుంటేనే ఒకటి తోక వణికించి, ఒళ్లంతా ఎర్ర మచ్చలు తేలి, నోరు తెరిచి రొప్పి అక్కడికక్కడే పడిపోయింది. కాళ్లు కర్రల్లా బిగుసుకున్నాయి. ఎండ దెబ్బ అన్నాడు మా ఆయన. ఇంకో నెలకు ఇంకోటి. ఆ రోజు మబ్బుగా ఉంది. సాంబారు పులిసి ఉంటుంది అన్నాడు మరిది.

బతికి కోతకు వచ్చినవాటి మాంసం వేరేగా ఉంది. పాలిపోయి, మెత్తగా, వేలు పెడితే గుంట పడి అట్లాగే ఉండేది. బల్ల మీద పెట్టిన కాసేపటికే కింద లేత ఎరుపు నీళ్లు చేరేవి. సైదాబాద్ నుంచి ప్రతి ఆదివారం వచ్చే బస్సు డ్రైవరు ఒకాయన ఉన్నాడు. ఆయన ఒకరోజు మాంసం అడగలేదు, ఊరికే బల్ల ముందు నిలబడ్డాడు.

"ఏంది తమ్మీ, ఎంత పెట్టమంటవ్?" అన్నాను.

"పోయిన్వారం తీస్కపోయింది పొయ్యి మీద పెడితే సగమైంది. మా ఇంటామె నన్ను తిట్టింది. నీళ్లు కొడుతున్నరా అమ్మా?"

"మేం గట్ల చేసెటోళ్లమా?"

"చెయ్యరనే ఇన్నేండ్లు వచ్చిన" అని వెళ్లిపోయాడు.

తూకం పెరగడానికి మాంసంలో నీళ్లు పట్టిస్తారని అందరికీ తెలుసు. మా దాంట్లో నీళ్లున్నాయి. నీళ్లతో పని చేసేది ఒక్కరే. నాకు ఆ ఆలోచన రావడానికి బస్సు డ్రైవరు సందు మలుపు తిరిగేంత సేపు కూడా పట్టలేదు.

తర్వాతి ఆదివారం కోత అయ్యాక నేను కావాలనే ముందుగా వెళ్లాను. తోటికోడలు మాంసం టబ్బులో పెట్టి పేగులు కడుగుతోంది. టబ్బు అడుగున నీళ్లున్నాయి.

"ఏందే ఇది?"

"నీళ్లు, అక్క."

"అది నాక్కూడ కనబడుతుంది. యాడికెల్లి వచ్చినయ్?"

"మాంసంలకెల్లే. నేనైతే పొయ్యలే. పొడిబట్టతోటి తుడిచి పెట్టిన."

"మాంసమేమన్న నల్లానా, నీళ్లు కారనీకి?"

ఆమె నా వైపు చూసింది. "నీ మీద ఒట్టు అక్క" అంది.

"నా మీద ఎందుకు, నీ పిల్లల మీద పెట్టుకో" అన్నాను.

పెట్టుకోలేదు. పిల్లల మీద ఒట్టు పెట్టేంత తప్పు నేనేం చేశానని అడిగింది. పెట్టుకోలేదు కాబట్టి తప్పు చేసిందని నేను అందరికీ చెప్పాను.

పెద్దత్త వాకిట్లో పెద్దమనుషులు కూర్చున్నారు. నేను జరిగింది చెప్పాను, డ్రైవరు అన్నమాట చెప్పాను, టబ్బులో నీళ్ల సంగతి చెప్పాను. మరిది, "నా పెండ్లాం గట్ల చెయ్యదు" అని ఒకసారి అన్నాడు. అయితే నీళ్లు ఎక్కడివిరా అని మా ఆయన అడిగితే అతను పెళ్లాం వైపు చూశాడు. నీళ్లు ఎక్కడివో ఎవరికీ తెలియదు. తోటికోడలు గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఇక మీదట ఆమె మాంసం ముట్టుకోవద్దని తేల్చారు. మా ఇంట్లోనూ, ఇంకెవరింట్లోనూ.

నెల తిరగకముందే వాళ్లిద్దరూ పిల్లలను తీసుకుని సైదాబాద్‌లో ఒక గది కిరాయికి తీసుకుని వెళ్లిపోయారు. మరిది ట్రాలీ ఆటో నడుపుకున్నాడు. ఆమె దిల్‌సుఖ్‌నగర్‌లో ఆడపిల్లల హాస్టల్లో గిన్నెలు తోమే పనిలో చేరింది.

ఆమె వెళ్లాక వచ్చిన మొదటి ఆదివారం మాంసం నేనే కడిగాను. కడగడమంటే కడగలేదు కూడా. పొడి టబ్బులో పెట్టి, పైన పొడి బట్ట కప్పి, పక్కనే కూర్చున్నాను. కాసేపటికి బట్ట తడిసింది. ఎత్తి చూస్తే టబ్బు అడుగున అవే లేత ఎరుపు నీళ్లు.

అప్పుడు నాకేమనిపించిందో రాయమంటే రాయలేను. ఏమీ అనిపించలేదు. చెయ్యి తిమ్మిరెక్కితే గిల్లినా తెలియదు చూడండి, అట్లా ఉంది. టబ్బు వంచి నీళ్లు మోరీలో పారబోశాను. మాంసం తుడిచి దిల్‌సుఖ్‌నగర్ తీసుకుపోయి అమ్మాను. ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత ప్రతి ఆదివారం అట్లాగే నీళ్లు పారబోశాను. తినడం, పడుకోవడం, డ్రమ్ములు తేవడం అన్నీ మామూలుగానే జరిగాయి. పండుగకు చీర కూడా కొనుక్కున్నాను.

తర్వాతి ఎండాకాలంలో ఒకే వారంలో మూడు పందులు పోయాయి. మా ఆయన భయపడి పశువుల డాక్టర్‌ను పిలుచుకొచ్చాడు. చిన్న వయసు అమ్మాయి. ముక్కు మూసుకోకుండా షెడ్డులోకి వచ్చింది కాబట్టి నాకు ఆమె మీద నమ్మకం కుదిరింది. అన్నీ అడిగింది. చచ్చినవాటి తల్లులెవరు అని అడిగితే నేను నాలుగు తరాలు చెప్పాను. తండ్రి ఎవరు అని అడిగింది. నేను పోతు వైపు చూపించాను. ఆ తల్లులకు తండ్రి ఎవరు అంది. మళ్లీ అటే చూపించాను. ఆమె రాస్తున్న పెన్ను ఆపింది.

పోతుదీ, ఇంకొన్నిటిదీ రక్తం తీసుకుని పరీక్షకు పంపింది. ఫలితం వచ్చాక మళ్లీ వచ్చి, నన్ను రెండు మాంసం ముక్కలు తెమ్మంది. నల్ల పందిదొకటి, పోతు సంతానానిదొకటి. వాటిని పక్కపక్కన పెట్టి చెప్పింది.

"కండంటే దారాల కట్ట అనుకోండమ్మా. ఎర్ర దారాలు నిదానంగా చాలాసేపు పనిచేస్తాయి. తెల్ల దారాలు ఒక్కసారి గట్టిగా లాగి తొందరగా అలిసిపోతాయి. మీ నల్ల పందులు తిరిగి తిని బతికిన జాతి, వాటిలో ఎర్రవి ఎక్కువ. ఈ పోతు జాతిని తొడలు లావు కావాలి, కొవ్వు ఉండొద్దు అని ఏరి ఏరి పెంచారు. అందుకే వీటిలో తెల్లవి ఎక్కువ, లావు కూడా. అట్లా ఏరేటప్పుడు లావుతో పాటు ఒక లోపం కూడా వచ్చేసింది. పంది భయపడితే కండ బిగుసుకుంటుంది, మళ్లీ వదలదు. ఒళ్లు కాలిపోతుంది. కొన్ని అక్కడే చచ్చిపోతాయి. కోసినవాటి మాంసం వేడి తగ్గకముందే పులిసిపోతుంది. పులిసిన మాంసం నీళ్లు పట్టి ఉంచలేదు."

"మొదటి ఈత మంచిగుండె గద?" అన్నాడు మా ఆయన.

"తల్లి మంచి గుణం ఇచ్చింది, అది తండ్రి ఇచ్చిన చెడ్డదాన్ని చాలావరకు కప్పేసింది. కానీ ఆ చెడ్డది లోపలే ఉంది. ఆ పిల్లలను మళ్లీ తండ్రికే కట్టించారు. అప్పుడు సగం పిల్లలకు రెండు వైపుల నుంచీ చెడ్డదే వచ్చింది. మీరు కడిగినా, కడగకపోయినా ఆ మాంసం నీళ్లు వదులుతుంది."

ఆమె మామూలుగానే అంది. ఆ మాటకు మా ఆయన నా వైపు చూడలేదు, నేను ఆయన వైపు చూడలేదు. ఈ రక్తం ఉన్నవాటిని ఒకదానితో ఒకటి కట్టించొద్దని, ఇక నుంచి తల్లి పేరూ తండ్రి పేరూ పుస్తకంలో రాయమని చెప్పింది. రాసేవాళ్లు ఎవరూ లేరన్నాం. "అయితే నేర్చుకోండి" అంది. అట్లా నేను కొత్తపేటలో చదువుకు వెళ్లాను.

ఆమె వెళ్లిన తర్వాత మా ఆయన పోతు ముందుకు వెళ్లి నిలబడ్డాడు.

"ఈ ముచ్చట బయట పెట్టకు" అన్నాడు.

"మీ తమ్మునికి?"

"వానికి చెప్తే ఊరంత తెలుస్తది. మూడిండ్లోళ్లకు పిల్లల్ని అమ్మినం. ఇంటి మీదికొస్తరు. మన తాన ఇంకెవడన్న కొంటడా?"

"యారాలి మీద పడ్డ మాట?"

"పడ్డది పడ్డది. ఆమె పని ఆమె చేస్కుంటుంది గద" అన్నాడు.

నేను సరే అన్నాను. ఆయన కొట్టలేదు, తిట్టలేదు. ఆయన భయపెట్టడం వల్ల నోరు మూసుకున్నానని రాస్తే అబద్ధం అవుతుంది. చెప్పొద్దు అనే మనిషి ఒకరు దొరికారు, నాకు అది చాలింది.

ఒక ఏడాది గడిచింది. డ్రమ్ములు తేవడానికి దిల్‌సుఖ్‌నగర్ వెళ్లినప్పుడు తోటికోడలు పనిచేసే హాస్టల్ ముందు నుంచే వెళ్లేదాన్ని. వెనక గేటు దగ్గర ఆమె గిన్నెల ముందు కూర్చుని ఉండేది. ఒకటి రెండుసార్లు నన్ను చూసింది. నేను కూడా చూశాను. ఆమె చేతులు సబ్బు నీళ్లలో నాని పాసిపోయి తెల్లగా అయ్యాయి. అది చూసి నాకు ఆ పాలిపోయిన మాంసం గుర్తొచ్చింది. ఆ పోలిక వచ్చినందుకు సిగ్గుపడాలని తెలుసు. సిగ్గు కూడా రాలేదు.

ఆ ఏడు పెద్దత్త ఇంట్లో దేవుణ్ని చేసుకున్నారు. ఎల్బీనగర్‌లో వాళ్ల ఇంటి ముందు షామియానా వేశారు. చుట్టుపక్కల మా వాళ్లు వచ్చారు. మరిదీ తోటికోడలూ కూడా వచ్చారు, పిలవకపోతే తప్పు కదా. మాంసం కడగడానికి వేరే ఇద్దరిని పెట్టారు. వాళ్లకు పేగులు కడగడం సరిగా రావడం లేదు, వాసన పోవడం లేదని పొయ్యి దగ్గర నుంచి ఎవరో గొణుగుతున్నారు. తోటికోడలు దూరంగా చాప మీద వెల్లుల్లి ఒలుస్తోంది. ఆమె కట్టుకున్నది మామూలు చీర.

కాసేపు చూసి ఆమె లేచింది. కడిగేవాళ్ల దగ్గరికి వెళ్లి, "చింతపండు పిప్పి వేసి రుద్దుండ్రి, ఉత్త ఉప్పుకు పోదు" అంది. చెప్పడానికి వంగినప్పుడు చెయ్యి టబ్బు అంచు మీద పెట్టింది.

పెద్దత్త కుర్చీలో నుంచి, "ఓ పిల్లా, టబ్బు కాడికి పోకే. నువ్వు చెయ్యి పెడితే మాకు కూర గాదు, చారయితది" అంది.

అందరూ నవ్వారు. తిట్టినట్టు కాదు, ఇంట్లోవాళ్లను ఆట పట్టించినట్టే అంది. రెండేళ్లలో ఆ మాట అట్లా మామూలు ముచ్చట అయిపోయింది. తోటికోడలు కూడా నవ్వింది. నవ్వి చెయ్యి తీసేసి, కొంగుకు తుడుచుకుంది. ఆ చెయ్యి తడిసి కూడా లేదు.

నేను మసాలా నూరుతున్నాను. ఆగాను.

"అత్తా, ఆ నీళ్లు ఆమెయి గాదు" అన్నాను. "మా పోతుయి."

"ఏంది, పోతు వచ్చి టబ్బుల నీళ్లు పోసిందా?" అని ఎవరో అన్నారు. మళ్లీ నవ్వారు.

నేను నవ్వు ఆగేదాకా ఉండి, డాక్టరమ్మ చెప్పింది చెప్పాను. దారాల సంగతి, రక్తం సంగతి, తండ్రికే బిడ్డలను కట్టించిన సంగతి. పాఠం అప్పజెప్పినట్టు వచ్చింది. మా ఆయన గ్లాసు కింద పెట్టి బయటికి వెళ్లిపోయాడు. మరిది నా ముందుకు వచ్చి నిలబడ్డాడు. పెద్దత్త, "మరి మా వాకిట్ల కూసొని గంత నమ్మకంగ ఎట్ల చెప్పినవే?" అంది.

"తెల్వక చెప్పిన."

తోటికోడలు మళ్లీ చాప మీద కూర్చుంది. వెల్లుల్లిపాయ చేతిలోకి తీసుకుంది.

"ఎప్పుడు తెలిసిందక్క నీకు?"

డాక్టర్ వచ్చిన రోజే తెలిసిందని చెప్పొచ్చు. పోయిన ఎండాకాలం అని నోటిదాకా వచ్చింది.

"నువ్వు పోయినంక వచ్చిన మొదటి ఆదివారమే. డాక్టరు తర్వాత చెప్పింది. నేను ముందే చూసిన" అన్నాను.

ఆమె వేళ్ల మీద లెక్కపెట్టలేదు, ఏడవలేదు. రెండు పాయలు ఒలిచి గిన్నెలో వేసింది.

"రెండేండ్లు" అంది. ఇంకో పాయ తీసుకుని, "పంది పిల్లల్ని కొన్నోళ్లకు చెప్పిన్రా?" అని అడిగింది.

లేదన్నాను. ఆ మూడు ఇళ్లవాళ్లెవరూ ఆ రోజు అక్కడికి రాలేదు.

"నా పేరైతే కడిగినవ్. మంచిది. ఆ ఇండ్లల్ల గూడ మాంసం నీళ్లు ఇడుస్తనే ఉంటది. ఆడ ఎవతి మీద పెట్టిన్రో మరి."

ఆ మాట అని ఒలవడంలో పడింది. ఎవరో ఆమెను టబ్బు దగ్గరికి రమ్మని పిలిచారు. వెళ్లలేదు. ఈ పూటకు వాళ్లనే కానియ్యమంది. భోజనాలయ్యాక పిల్లలను తీసుకుని, నాతో మాట్లాడకుండానే వెళ్లిపోయింది. నేను అంట్లు తోమాను.

తెల్లారి మా ఆయన లేవకముందే చాయ్ పెట్టి మూత వేసి, నేను ఎల్బీనగర్ చౌరస్తాకు వెళ్లి బస్సెక్కాను. మొదటి ఇల్లు హయత్‌నగర్ అవతల. ఇంటి పెద్దావిడ వాకిలి ఊడుస్తోంది.

"మీ ఇంట్ల మాంసం కడిగేదెవరు పెద్దమ్మా?" అన్నాను.

"మా చిన్నకోడలు. ఎందుకు?"

"నీళ్లు ఇడుస్తుందా?"

ఆమె చీపురు ఆపింది. "నీకెవరు చెప్పిన్రు? దానికి ఎంత చెప్పినా బుద్ధి రాదు. మొన్ననే దాని తల్లిగారోళ్లను పిలిపించి మాట్లాడినం" అంది.

చిన్నకోడలిని పిలవమన్నాను. వచ్చింది, ఇరవై ఏళ్లుంటాయి. కొడుకులను కూడా పిలవమన్నాను. అందరూ వచ్చాక నిన్న చెప్పిందే మళ్లీ చెప్పాను. మా దగ్గర కొన్న పిల్లలను ఒకదానితో ఒకటి కట్టించొద్దని, కావాలంటే నల్ల పోతుకు కట్టించమని చెప్పాను. ముందే తెలిసి ఇన్నాళ్లు దాచామని కూడా చెప్పాను. పెద్ద కొడుకు నన్ను తిట్టాడు. తిట్టనిచ్చాను. ఆ అమ్మాయి లోపలికి వెళ్లింది. మంచినీళ్లు తెస్తుందేమో అనుకున్నాను, తేలేదు.

రెండో ఇల్లు నాగోల్ వైపు. అక్కడ మాంసం కడిగేది ఇంటాయనే, పెళ్లాం లేదు. నీళ్లు వదులుతోంది, పందులు కూడా రెండు చచ్చాయన్నాడు. ఎవరి తప్పు అనుకున్నారని అడిగితే, "ఎవరి తప్పేంది, ఎండలు" అన్నాడు.

మూడో ఇల్లు వనస్థలిపురం వెనక. వెళ్లేసరికి తాళం వేసి ఉంది. పొరుగావిడను అడిగితే ఇంట్లో అత్తా, ఇద్దరు కోడళ్లు ఉంటారని, పనికి పోయారని చెప్పింది. ఎప్పుడొస్తారో ఆమెకు తెలియదు. నేను గేటు పక్క అరుగు మీద కూర్చున్నాను. వాళ్లు వచ్చేదాకా కూర్చున్నాను.